అన్నం ముట్టని తల్లి పిల్లి

పోయిన వారం పుంగనూరు బస్టాండులో దొరికిన తల్లి పిల్లిని, దాని రెండు పిల్లలను ఇంటికి తెచ్చుకున్నాను. ఈ ఉదయం పశువుల డాక్టరు దాని వెన్ను తడిమి చూశాడు.

“పాలిచ్చి పాలిచ్చి ఎముకలే మిగిలుండాయమ్మా. పిల్లలు మెతుకులు తింటాండాయి గదా, పగలు కొంచేపు యేరే పెట్టు. ఇది తిని కోలుకుంటాది” అన్నాడు.

పిల్లల్ని గదిలో పెట్టి తలుపేశాను. ఉడికించిన కోడిమాంసం పెట్టినా అది ముట్టలేదు. మధ్యాహ్నం దాకా తలుపు దగ్గరే కూర్చుని అరిచింది.

కుప్పం హాస్టల్లో కొత్తగా చేరిన మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను.

“సరే, నువ్వు తింటివా మా?” అంది.

తిన్నానని అబద్ధమాడాను. అమ్మాయి వెళ్లినప్పటి నుంచి నా ఒక్కదానికే వండుకోబుద్ధి కావడం లేదు.

ఫోన్ పెట్టేసి తలుపు తీశాను. పిల్లలు పొట్ట కింద దూరాక, పిల్లి పడుకున్నచోటి నుంచే మెడ చాచి గిన్నె ఖాళీ చేసింది. రేపు డాక్టరుతో తిట్లు తప్పవు. మీరైతే తలుపు తీయకుండా ఉండేవారా?