వేలుత్తాయి పెట్టిన గుర్తులు

వేలుత్తాయి ఎవరినీ నమ్మదు. టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెడితే, దాని కింద తన కాగితం ఏదైనా అంటుకుపోతుందేమోనని ఎత్తి చూసుకుంటుంది. శివకాశిలో మా ప్రెస్సులో ఇరవై రెండేళ్లుగా కేలెండర్ బొమ్మలు ఆమే చేస్తోంది. నేను పక్క గదిలో కాగితం కోసే యంత్రం దగ్గర ఉంటాను. మధ్యలో అద్దాల కిటికీ ఒక్కటే అడ్డం కాబట్టి ఆమె అనుమానాల్లో నా వాటా నాకు రోజూ అందుతుంది.

కారణం లేకపోలేదు. ఆరేళ్ల కిందట ఆమె కంప్యూటర్‌ని మదురైలో ఎవరికో రిపేరుకిచ్చారు. తిరిగొచ్చాక అది నత్తనడక పట్టింది. "వేలుత్తాయికి వయసు మీద పడింది, చెయ్యి నెమ్మదించింది" అని యజమాని తంగపాండి అణ్ణాచ్చి ఏడాదిపాటు అందరి ముందూ అన్నాడు. చివరికి ఎవరో మూత తీసి చూస్తే లోపల ర్యామ్ సగమే ఉంది. పెద్దవి పీకేసి చిన్నవి పెట్టి పంపారు. అణ్ణాచ్చి పెద్దవి మళ్లీ వేయించలేదు, తన మాట వెనక్కి తీసుకోలేదు, ఆమె మరిచిపోనూ లేదు.

ఈ ఏడు ఆడి నెలలోని ఆడి పద్దెనిమిది పండుగ పది రోజుల్లోకి వచ్చింది. ఆనాటి పూజలో కొత్త కేలెండర్ల నమూనాల ఆల్బమ్ పెట్టని ప్రెస్సు మా ఊళ్లో ఉన్నా లేనట్టే. ఇక్కడేమో మురుగన్ బొమ్మ తెరిస్తే నెమలి వచ్చేసరికి నేను ఒక కట్ట కోసేసేవాణ్ని. స్వామి ముఖం రాకముందే కంప్యూటర్ బిగుసుకుపోయేది.

అణ్ణాచ్చి తేల్చి చెప్పేశాడు. "కొత్త ర్యామ్ వేయిస్తానమ్మా. అప్పటికీ పని సాగకపోతే ఆల్బమ్ బయటివాళ్లకి ఇచ్చేస్తా. నువ్వు బిల్లు పుస్తకాలు చేసుకుందువుగాని."

మురుగన్ ముఖం దిద్దిన మనిషికి బిల్లు పుస్తకాలు! నాకే ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున కంప్యూటర్ మెకానిక్ జెబరాజ్ వచ్చాడు. ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన మనిషి, యాభై దాటాయి, మాట మెత్తన. మూత తీసి, పాత ర్యామ్ రెండూ ఊడదీసి దుమ్ము దులిపాడు. కొత్తవి రెండు వాటి పక్కన పెట్టాడు.

"నాలుగూ ఇలా ఇవ్వన్నా. నా చేత్తోనే పెడతా" అని వేలుత్తాయి చెయ్యి చాపింది.

"ఎందుకక్కా, నేనేమైనా మింగేస్తానా?"

"మింగేవాళ్లు చెప్పి మింగుతారా?"

నాలుగూ గుప్పిట్లో పెట్టుకుని అచ్చు యంత్రాల వైపు వెళ్లింది. వచ్చాక అతనికి వీపు పెట్టి, ఒక్కొక్కటే టక్కుమనేదాకా నొక్కింది. స్విచ్ వేస్తే తెర నల్లగానే ఉంది. లోపలి నుంచి మూడు కూతలు మాత్రం వచ్చాయి.

"అనుకున్నాను! నేను స్విచ్ కోసం వంగినప్పుడు చెయ్యి పెట్టావు. నువ్వూ ఆ మదురై వాళ్ల బాపతే!"

ప్రెస్సంతా ఆగి చూసింది. జెబరాజ్ ముఖం పాలిపోయింది. "ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఇంటింటికీ తిరుగుతున్నానక్కా. నన్ను ఎవరూ ఇంత మాట అనలేదు" అంటూ సామాను సర్దుకోసాగాడు. నేను ఊరుకున్నానా? అతని సంచి వైపు ఓరగా చూశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అణ్ణాచ్చి పరుగున వచ్చాడు. "రుజువుంది అణ్ణాచ్చీ! నాలుగింటికీ గుర్తులు పెట్టాను. మార్చి ఉంటే గుర్తులుండవు" అంటూ ఆమె కరెంటు తీసి, నాలుగూ లాగి బల్ల మీద పరిచింది.

గుర్తులన్నీ ఉన్నాయి. రంగుకి రంగు సరిగ్గా కూడాలని మేం ప్రతి షీటు మూలల్లోనూ వేసే సిలువ గీతలే అవి. అలవాటు కొద్దీ నాలుగు మూలలా, గులాబీ రంగు అచ్చు సిరాతో వేసింది. కింది రెండూ కరెంటు అందుకునే బంగారు పళ్ల మీదే పడ్డాయి. ఆరని సిరా పళ్లన్నిటికీ పాకింది.

జెబరాజ్ సంచి మళ్లీ విప్పాడు. స్పిరిట్‌తో తుడిచి, పెన్సిలు రబ్బరుతో పళ్లు రుద్ది, లోపలి గాడి కూడా శుభ్రం చేశాడు.

"పైన రెండు గుర్తులు ఉంచుతున్నానక్కా. అవి ఉంటే మీకు నిమ్మళం" అన్నాడు.

ఈసారి మురుగన్ నెమలితో సహా ఒక్కసారే ప్రత్యక్షమయ్యాడు. జెబరాజ్ టీ తాగకుండానే వెళ్లిపోయాడు. క్షమించమని ఆమె అనలేదు. ఆడి పద్దెనిమిదికి ఆల్బమ్ పూజలో ఉంది, ఆమె కుర్చీ ఆమెకు మిగిలింది.

ఆయుధ పూజ ముందు యంత్రాలు శుభ్రం చేయడానికి జెబరాజ్ మళ్లీ వచ్చి, ఆమె కంప్యూటర్ మూత తీశాడు. ఆమె కళ్లలో వత్తులు వేసుకుని నెత్తి మీద నిలబడుతుందనుకున్నాను. వేలుత్తాయి లేచింది. "నువ్వు చూసుకో అన్నా, టీ తెస్తాను" అని బయటికి నడిచింది. ఇరవై రెండేళ్లలో అలా వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు.

రెండు గ్లాసులతో తిరిగొచ్చేసరికి జెబరాజ్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. స్క్రూడ్రైవర్ బల్ల మీదే ఉంది.

"ఇంకా మొదలుపెట్టలేదా అన్నా?"

"మీరు వచ్చాక చేద్దామని, అక్కా. మీరు లేనప్పుడు నేను ముట్టుకోను."

ఆమె గ్లాసు అతని ముందు పెట్టి, తన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.