భుజం మీద పచ్చచేప

మా బావగారికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఎక్కడ వెలుగు కనబడితే అక్కడ జేబులోంచి ఒక ప్లాస్టిక్ చేపను తీసి దాని ఎదుట పెడతారు. చీకట్లో పచ్చగా మెరిసే ఎర అది. గాలానికి తగిలించి నీళ్ళలో వేస్తే నిజం చేపలు మోసపోయి కరుస్తాయి. అయితే ముందు దానికి వెలుగు తాగించాలి. తాగించింది పావుగంటలో దిగిపోతుంది, మళ్ళీ తాగించాలి. ఇంతా చేసి ఆయన జన్మలో ఒక్క చేపను పట్టిన పాపాన పోలేదు. మరి ఎందుకీ చాకిరీ? నాకు అంతుపట్టేది కాదు.

నేను తక్కువవాణ్ణేం కాదు. ఊరి బడిలో అయిదేళ్ళూ ఫస్టున పాసయ్యాను. పంతొమ్మిదో ఎక్కం కింది నుంచి పైకి అప్పజెప్పి ఇన్‌స్పెక్టరు చేత చప్పట్లు కొట్టించాను. రంపపు మిల్లులో ముప్పై రెండేళ్ళు పనిచేసి పది వేళ్ళతోనూ రిటైరయ్యాను. సరస్సు మీద ఏటా జరిగే సాయంత్రపు గాలాల పోటీలో వరసగా నాలుగు కప్పులు తెచ్చాను. అలాంటి నాకే మా చెల్లెలి మొగుడు అర్థం కాలేదు.

ఆయనది ఫోటో స్టూడియో. ఫోటోకి కూర్చున్నవాళ్ళ భుజం మీద మెల్లిగా ఓ ఎర పెట్టేవారు.

"ఇదేమిటండీ, నా భుజం మీద చేప?" అని ఒక హెడ్‌మాస్టరు ఫోటో పట్టుకుని లబలబలాడాడు.

"చేప కాదండీ, ఎర. మీకోసం ఫ్లాష్ ఎలాగూ వెలిగిస్తున్నా కదా. వృథా పోకూడదని."

నా నాలుగు కప్పుల ఫోటోల్లోనూ నా భుజం మీద అదే చేప. నాలుగుసార్లూ తిట్టాను. నాలుగుసార్లూ అదే జవాబు.

వెలుగుల్లో ఆయనకి రుచులు కూడా ఉన్నాయి. బల్బు చప్పన, టార్చి పలచన, ఎండ చిక్కన, ఫ్లాష్ ఘాటు. పన్ను పూడ్పించుకోవడానికి వెళ్ళి, డాక్టరు నీలం లైటు పట్టుకోగానే బుగ్గలోంచి ఎర బయటికి తోశారట.

"ఇదెవరి పన్నండీ?" అని డాక్టరు కంగారుపడితే, "ఒక్క అర నిమిషం, కదపకండి. ఈ వెలుగు ఎప్పుడూ పట్టించలేదు" అన్నారట.

నాకు మెరిసే ఎరల మీద నమ్మకం లేదు. నాది మామూలు తెల్లటి ఎర. పోటీలో బావగారు నా పక్కనే కూర్చుని పెట్టె మోసేవారు. పది నిమిషాలకోసారి, "నాచు పట్టింది, తుడుస్తానుండండి" అంటూ ఎరని నల్లసంచిలో దూర్చేవారు. లోపల 'టప్' మనేది.

"ఏమిటా చప్పుడు?"

"తుమ్మానండీ."

తర్వాత గుప్పిట మూసి, తానే నీళ్ళలోకి వదిలేవారు. ఈ మర్యాదలేమిటో నాకు తెలిసేది కాదు.

ఈ ఏడు అయిదో కప్పు. వరసగా అయిదు ఇంతవరకూ ఎవరికీ రాలేదు. అందుకే కచ్చితంగా చెప్పేశాను. "బావగారూ, ఈసారి మీ తుమ్ములు వద్దు. ఇంట్లో ఉండండి."

పొద్దుగూకింది. గంట గడిచింది. ఒక్క చేప ముట్టలేదు. అదే సరస్సు, అదే చెయ్యి, అదే ఎర! గాలి మారిందా? చేపలు ఊరు మారాయా? బుర్ర గోక్కుంటుంటే మా చెల్లెలు ఫ్లాస్కుతో వచ్చింది.

"అన్నయ్యా, చార్జి లేకుండా వేస్తున్నావా?"

"చార్జేమిటే? నాది తెల్ల ఎర."

"నీ తెల్ల ఎర మొదటి ఏడే రాళ్ళలో తెగిపోయింది. నువ్వు టీకి వెళ్ళినప్పుడు. కుంగిపోతావని ఆయన మెరిసేది కట్టారు. పగలు చూస్తే రెండూ తెల్లగానే ఉంటాయిగా."

దారం లాగి, ఎరని రెండు చేతుల మధ్య దాచి తొంగిచూశాను. అడుగున పచ్చటి మెరుపు, ఉందా లేదా అన్నంత.

"నాతో చెప్పలేదేం?"

"'గెలిచింది మా బావగారి చెయ్యే, లైటు కాదు' అంటారు ఆయన."

"ఆయనేరీ?"

"టీకొట్టు వెనకాల. నువ్వు రావద్దన్నావుగా, అక్కడే తుమ్ముతున్నారు."

నిజమే. కొట్టు వెనక టప్పు, టప్పు. గొంతు చించుకుని పిలిచాను. మెడలో కెమెరా ఊగుతుండగా పరుగెత్తుకొచ్చారు.

"నాచు తుడవమంటారా?"

"నాచు సంగతి తర్వాత. ముందు చార్జి పెట్టండి. ఘాటుగా!"

మిగిలిన అరగంటలో మూడు చేపలు పడ్డాయి. అయిదో కప్పు ఎవరో కుర్రాడు పట్టుకుపోయాడు. నాకు మూడో బహుమతి, ఒక టార్చిలైటు. దాన్ని అక్కడే బావగారి చేతిలో పెట్టాను. వెంటనే ఎర మీదికి తిప్పి చూసి, "పలచన" అని పెదవి విరిచారు.

తర్వాత ఫోటో కోసం నన్ను నిలబెట్టి కెమెరా ఎత్తారు. ఎత్తి, ఆగిపోయారు.

"బావగారూ, మీ భుజం మీద..."

"తెలుసు, నేనే పెట్టుకున్నాను. కానివ్వండి, ఫ్లాష్ వృథా పోకూడదు."