ఫ్రాన్సిస్ రాయించని మాట

మా తమ్ముడు ఫ్రాన్సిస్‌ది హనుమకొండలో మెడికల్ కోడింగ్ నౌకరీ. తొమ్మిదేళ్లయింది. అమెరికా డాక్టర్లు రాసిన కేస్ షీట్లు చదివి, ఏ జబ్బుకు ఆ కోడ్ వేయడం వాడి పని. ముసలివాళ్ల మతిమరుపు కేసులన్నీ వాడికే ఇస్తారు. ఉత్త మతిమరుపుకు ఒక కోడ్. కొట్టడం, రక్కడం ఉంటే ఇంకొకటి. ఇల్లు విడిచి తిరిగితే దానికి వేరే. డాక్టర్ రాయనిది కోడర్ వేయకూడదని అన్నం తింటూ కూడా మాకు పాఠం చెప్పేవాడు. తెలివిమంతుడే, ఎవరు కాదన్నారు! ఆ తెలివే మా కొంప ముంచింది.

మా అమ్మ సువార్తమ్మ ముప్పై ఏళ్లు బడిలో ఆయాగా చేసింది. డెబ్బై దాటాక మతి తప్పింది. తెల్లారితే చాలు, బడికి ఆలస్యమైందని చెప్పులు లేకుండా రోడ్డెక్కేది. ఆపితే గోళ్లతో రక్కేది. ఒకసారి కాజీపేట స్టేషన్లో దొరికింది, ఒకసారి ములుగు రోడ్డు మీద. అమ్మ ఉండేది తమ్ముడి దగ్గరే. ఫ్రాన్సిస్‌కు సెలవులన్నీ అయిపోయాయి. నర్సంపేటలో మా ఇంట్లో ఉంచుకోమని బతిమాలాడు. మా అత్త మంచంలో ఉందని సాకు చెప్పి తప్పించుకున్నాను. సాకే, ఇప్పుడు అబద్ధమెందుకు?

హనుమకొండ చివర ముసలివాళ్ల ఆశ్రమం ఒకటుంది. అక్కడ ఇల్లు విడిచి పోయేవాళ్లను తీసుకోరు. డాక్టర్ కాగితం చూశాకే చేర్చుకుంటారు.

"జర ఫికర్ చెయ్యకే అక్కా, ఆ కాయితం సంగతి నేను చూస్త," అన్నాడు ఫ్రాన్సిస్.

దవాఖానలో డాక్టర్ అడగనే అడిగాడు, బయటికి వెళ్లిపోవడం, కొట్టడం లాంటివి ఉన్నాయా అని.

"అసొంటియి ఏం లేవు సార్. ఉత్త మతిమరుపే. అదొక్కటి రాయుండ్రి," అన్నాడు మా వాడు. చేతి మీది రక్కులు కనబడకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చాడు. నేను నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నదానిలా పక్కనే కూర్చున్నాను. సిగ్గులేని పుటుక నాది!

అమ్మను చేర్చుకున్నారు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను కూడా. తొమ్మిదో రోజు పొద్దున పాలవాడి కోసం గేటు తీశారు. అమ్మ వెళ్లిపోయింది.

మేము ఉరికి వెళ్లేసరికి ఆశ్రమం చూసుకునే సదానందం గేటు దగ్గరే కూలబడి ఉన్నాడు. పాపం, ఆయన తప్పేముంది?

"గేటు పక్క అర్రల ఉంచితిమి గదమ్మా! ఇట్ల పోతదని ఒక్క మాట చెప్తే తాళమేసుకుందుము," అని ఏడ్చాడు.

పోలీస్ స్టేషన్లో కానిస్టేబుల్ ఫిర్యాదు రాసుకుంటూ, "ఇంతకుముందు ఎప్పుడన్న ఇట్ల పోయిందా?" అని అడిగాడు.

ఫ్రాన్సిస్ అన్నీ చెప్పాడు. నాలుగుసార్లు పోయిందని, ఏ తారీఖున ఎటు పోయిందో, ఎవరు పట్టుకొచ్చారో, ఎన్నిసార్లు రక్కిందో, ఒక్కటీ వదలకుండా.

కానిస్టేబుల్ ఆశ్రమం వాళ్లిచ్చిన కాగితం తిరగేశాడు. "గిన్ని తెలిసి, గీ దవాఖాన కాయితంల ఒక్కటన్న లేదేంది?"

"నేనే రాయొద్దన్న సార్."

కానిస్టేబుల్ నా వైపు తిరిగాడు. "నువ్వేమైతవమ్మా ఆమెకు?"

"బిడ్డను."

"మరి నీకు తెల్వదా?"

"తెలుసు," అన్నాను.

ఏడు నెలలైంది. ఫ్రాన్సిస్ ఆ నౌకరీయే చేస్తున్నాడు. కనబడినప్పుడల్లా వాణ్ణి నోటికొచ్చినట్టు తిడతాను. వాడు మాత్రం నన్ను ఒక్క మాటా అనడు. అమ్మ ఇంకా దొరకలేదు.