గడ్డిపరక నమిలే తాత

కోవిల్‌పట్టి దగ్గర మా నల్లరేగడి చేలో పత్తి ఏరగానే, విరుదునగర్ వైపు నుంచి గొర్రెల మందతో ఒక తాత వచ్చేవాడు. గొర్రెలకన్నా ముందు తానే గడ్డిపరక నమిలి చూసేవాడు.

ఒక ఏడు నమిలి ఉమ్మేశాడు. ఎండలు ముందే ముదిరి గడ్డి పీచయిపోయింది. ఆయన దిగులు చూడలేక, పత్రికలో చదివింది చెప్పాను.

"ఉత్తరాన మంచు దేశాల్లోనూ ఇంతే తాతా. వేడికి గడ్డి ముందరే మొలిచి, జింకలు మేతకని అంత దూరం నడిచి పొయ్యేతలికి ముదిరిపోతాదంట."

"మేపేటోడు లేడా వాటికి?"

"లేడు."

"ఉండి నేను మాత్రం ఏం పీకినాను" అని పగలబడి నవ్వాడు.

మరుసటి ఏడు పత్తి ఏరకముందే మా గట్టు మీదికి దిగాడు. పరక నమిలి కళ్లు మూసుకున్నాడు.

"లేతగా ఉండాది. ఆ జింకలకి ఒక కార్డు రాసెయ్ పాపా."