పెన్సిల్‌తో రాసిన మార్పిడి

శంషాబాద్‌లో నాకొక చిన్న జిరాక్స్ దుకాణం ఉంది. భూముల వివరాలు ఆన్‌లైన్‌లో తీసి ఇవ్వడమే అక్కడ ఎక్కువ పని. మొదట్లో మా ఊరివాళ్లు వచ్చి, "బిడ్డా, మా మోటబాయి చెలక తియ్యి" అనేవారు. సర్వే నంబరు చెప్పమంటే, "చిన్నప్పటి సంది సూస్తున్నవ్, నీకెరుక లేదా?" అని నన్నే దబాయించేవారు. నాకు ముక్కు మీద కోపం. అయినా ఆ మాటకు మాత్రం నవ్వొచ్చేది, నాకు నిజంగానే ఎరుక కాబట్టి.

తొండుపల్లి పక్కన మా ఊళ్లో ప్రతి పొలానికీ ఒక పేరుండేది. భూముల లెక్కలు చూసే పట్వారీ ఏటా మా అరుగు మీద కూర్చుని, బట్టమూట విప్పి పహాణీ రాసేవాడు. భూమి ఎవరిది, దున్నేది ఎవరు, ఏం పంట వేశారు, అన్నీ అందులో ఎక్కాలి. ఆయనేం పుణ్యాత్ముడు కాదు, కోడిని కొయ్యందే మూట విప్పేవాడు కాదు. కానీ ఆ పాత కాగితాల వాసన నాకెంత ఇష్టమో! మంచినీళ్లిచ్చే వంకతో అక్కడే నిలబడేదాన్ని. సిరాతో పేర్లన్నీ రాశాక ఆయన చెవిమీది పెన్సిల్ తీసి, మా పొలం రాసిన చోట అంచున సన్నగా 'మార్పిడి' అని రాసేవాడు.

ఆ మార్పిడి మా తాత చేసింది. మా పక్క పొలం వాళ్లు ముస్లింలు. ఆ ఇంటి పెద్దాయనను నేను చాచా అంటాను, మా బాపుకు తోడబుట్టినవాడి కంటే ఎక్కువ. రోడ్డు పక్కన, వాళ్ల బావి దగ్గర ముప్పై గుంటలు మావి, మా బావి పక్కన ముప్పై గుంటలు వాళ్లవి. ఎవరి బావికి దగ్గరున్నది వాళ్లు దున్నుకుంటే నీళ్లకు పరేషాన్ ఉండదని మా తాతా, చాచా వాళ్ల నాయనా నలుగురి ముందు పిడికెడు మట్టి మార్చుకున్నారు. కాగితం రాసుకోలేదు. ఆ రోజుల్లో మాట ఇచ్చినవాణ్ని కాగితం అడగడమంటే వాడి ముఖాన ఉమ్మినట్టే. సిరాతో పేర్లు మార్చాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి, అందుకే పెన్సిల్. పట్వారీ తర్వాత వచ్చినవాళ్లు కూడా ఏటా ఆ పెన్సిల్ మాటను కొత్త పహాణీలోకి దించుతూ వచ్చారు.

కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు సిరా రాతలే ఎక్కించారు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

నిరుడు చాచా నా దుకాణానికొచ్చాడు. విమానాశ్రయం వచ్చాక ఆయన రోడ్డు పక్క ముక్కలో ఇల్లు కట్టుకున్నాడు, నాలుగు గదులు క్యాబ్ డ్రైవర్లకు కిరాయికిచ్చాడు. వాటి మీదే ఆయన బతుకు. పిల్లలకు పంచుదామని కాగితం తీయమన్నాడు. నంబరు కొట్టాను. తెర మీద మా బాపు పేరు వచ్చింది. బావి పక్కది కొట్టి చూస్తే చాచా పేరు.

"ఏమొచ్చింది బిడ్డా?" అన్నాడు. ఆయనకు చదువు రాదు.

"సర్వర్ పనిచేస్తలేదు చాచా. మళ్ల రా" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో!

ఆ సాయంత్రం బాపుకు చెప్పాను. "మనం ఊకుందాం. రోడ్డు పక్కది మనదేనట" అన్నాను. బావి పక్క ముక్కకు ఇప్పుడు బండి పోయే తోవ కూడా లేదు. రోడ్డు పక్కదానికి బేరగాళ్లు రోజూ తిరుగుతున్నారు. నా ఇద్దరు పిల్లల చదువు కళ్లముందు తిరిగింది. ఆ ఆశ నాకెవరూ నేర్పలేదు.

బాపు తింటున్న ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "మరి చాచా యాడికి పోవాలె?"

నేను చెంబు అందుకుని ఆయన గ్లాసులో నీళ్లు పోశాను.

"బావికాడి వాళ్ల మడి వడ్లు తిని పెరిగినవ్. తిన్నింటి వాసాలు లెక్కవెడుతున్నవా?"

నేనూ తక్కువ తినలేదు. నీలాంటివాళ్లు ఉండబట్టే మనం ఇట్లా ఉన్నామని అరిచి, తలుపు ధడేలున వేసి వచ్చేశాను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు బాపు తనే చాచా ఇంటికి పోయి, రికార్డులో పేర్లు తారుమారుగా ఉన్నాయని చెప్పాడు. నేనన్న మాట చెప్పలేదు. "నా బిడ్డనే సూసి చెప్పింది" అన్నాడట.

ఇద్దరూ మార్పిడి దస్తావేజు రాయించుకున్నారు. తహసీల్ ఆఫీసులో సారు బాపును రెండుసార్లు అడిగాడు, ఆ రోడ్డు ముక్క ధర తెలుసా, ఇష్టపడే ఇస్తున్నావా అని.

"నేనిస్తలేను సార్. మా నాయన ఎప్పుడో ఇచ్చిండు. మీ కంప్యూటర్ల ఎక్కలే, గంతే" అన్నాడు బాపు.

చాచా తరఫున సాక్షి కావాలన్నారు. ఆయన కొడుకు ముందుకు రాబోతే చాచా ఆపాడు. "నా దిక్కు సాక్షి ఈ బిడ్డనే పెడ్తది. తప్పు దొరకవట్టింది గామెనే" అన్నాడు.

బాపు నా ముఖం వైపు చూడలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. పెట్టాను.

బయటికొచ్చాక చాచా నా తల మీద చెయ్యి పెట్టాడు. "నువ్వు లేకుంటే నా ఇల్లు పోతుండె బిడ్డా" అన్నాడు. ఆ చెయ్యి తీసేదాకా నేను తలెత్తలేదు.