నా పన్ను మీద నాలుగు శనివారాల చర్చ

ఇప్పటి పిల్లలు పన్ను సలిపితే ఫోన్‌లో రెండు వీడియోలు చూసి, మధ్యాహ్నానికల్లా డెంటిస్టు కుర్చీలో కూర్చుంటున్నారు. ఎనభైల నడుమ, అమెరికా ఎడారిలో చాండ్లర్ అనే ఊళ్ళో, ఒక కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో నేను కొత్తగా చేరినప్పుడు మా పద్ధతి వేరు. ఏ సందేహం వచ్చినా శనివారం దాకా ఆగాల్సిందే. ఊళ్ళో ఉన్న పదిహేను తెలుగు కుటుంబాలూ, నాలాంటి నలుగురు బ్రహ్మచారులూ శనివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో చేరేవాళ్ళం. కారు కొనాలన్నా, గ్రీన్ కార్డుకి అప్లై చేయాలన్నా, కుక్కర్ గాస్కెట్ మార్చాలన్నా తీర్పు అక్కడే. అలాంటి సభ ముందుకి నా పన్నుని తీసుకెళ్ళడం నేను చేసిన తెలివితక్కువ పనుల్లో మొదటిది. (మిగతావాటి జాబితా మా ఆవిడ దగ్గరుంది.)

ఆ ఎండలకి కూల్‌డ్రింకులో ఐసుముక్కలు పటపటా కొరకడం నాకు అలవాటైంది. ఒకరోజు ఐసుతో పాటు కుడివైపు కింది పన్ను కూడా సగం విరిగి నాలుక మీదికొచ్చింది. డెంటిస్టు రూట్ కెనాల్ చేసి, పైన తాత్కాలికంగా ఒక టోపీ తగిలించి, చాలా శాంతంగా వివరించాడు. పన్ను పగిలింది గాని వేరు నిలిచే ఉంది కాబట్టి దాని మీద క్రౌన్, అంటే శాశ్వతమైన టోపీ, వేయొచ్చు, కాకపోతే తొందరగా వేయాలి. లేదంటే ఇంప్లాంటని కొత్తగా వచ్చింది, పన్ను పీకేసి కొత్త పన్ను బిగించడానికి దవడ ఎముకలోకి టైటానియం మర దింపుతారు, అది ఎముకలో కుదురుకోవడానికి నెలలు పడుతుంది. "నేనైతే క్రౌన్ వైపే మొగ్గుతాను. ఈలోగా గట్టివి కొరక్కండి, వేరు చీలితే ఇక క్రౌన్ మాటే ఉండదు. నిర్ణయం మాత్రం మీదే," అన్నాడు.

ఆ చివరి మాటే నా కొంప ముంచింది. నిర్ణయం నీదని అప్పటిదాకా నాతో ఏ డాక్టరూ అనలేదు. మా ఊళ్ళో డాక్టరుగారు నోరు తెరవమంటే తెరిచాం, మూయమంటే మూశాం. ఇరవై ఆరేళ్ళకే పన్ను పీకించుకోవడమంటే నాకు ప్రాణం పోయినంత భయం, మనసంతా క్రౌన్ మీదే ఉంది. అయినా పెద్దవాళ్ళని అడక్కుండా ఎలా అనిపించి, ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని శనివారం బయల్దేరాను.

మా గుంపులో గ్రాఫు అన్నయ్యని ఒకాయన ఉండేవారు. ఆఫీసులో చిప్పుల్ని విరిగేదాకా పరీక్షించడం ఆయన ఉద్యోగం, పప్పు ఉడకడానికి కూడా గ్రాఫు గీసేవారు. ఆయన నా ఎక్స్‌రేని ట్యూబ్‌లైటుకి ఎత్తిపట్టి, "క్రౌనంటే ప్యాచ్ వర్కోయ్. లోపల డిజైనే వీక్‌గా ఉంటే పైన ఎంత కప్పితే ఏం లాభం? ఇంప్లాంట్ చేయించుకో," అన్నారు. రోడ్ల కంపెనీలో పనిచేసే సివిల్ బాబాయి మండిపడ్డారు. "పునాది గట్టిగుంటే బిల్డింగెవడన్నా కూలగొడతాడా? క్రౌనే కరెక్ట్!" ఆ ఇద్దరిలో ఒక్కరూ ఇంప్లాంటుని కళ్ళతో చూసిన పాపాన పోలేదు. మొదటి శనివారం గడిచింది. రెండో శనివారం అన్నయ్య గ్రాఫు గీసుకొచ్చారు. మూడో శనివారం బాబాయి ఆ గ్రాఫులో తప్పులు పట్టారు. మధ్యలో డెంటిస్టు ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోనొస్తే, ఇంకా డిసైడ్ చేసుకోలేదని నీళ్ళు నమిలాను. (గట్టివి నమలకూడదన్నాడు గదా.) నాకు క్రౌన్ కావాలండీ అని ఒక్క ముక్క అనేస్తే సరిపోయేది. అంటే అన్నయ్య చిన్నబుచ్చుకుంటారేమోనని మొహమాటం. నా పన్ను, నా దవడ, మొహమాటం మాత్రం ఆయన గ్రాఫు గురించి!

నాలుగో శనివారం అన్నయ్యగారింట్లోనే చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టారు. క్రౌన్ గెలిచింది. సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ బుక్ చేయాలనుకుని, నెల రోజుల్లో మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అంతలో వదిన పళ్ళెం నిండా చేగోడీలు తెచ్చారు.

"వద్దండీ, పన్ను..." అన్నాను.

"ఒక్కటే తీసుకో. ఎడమపక్కన నములు, ఏం కాదు. పొద్దుటి నుంచీ నీ కోసమే చేశాను."

తీసుకున్నాను. ఎడమపక్కనే పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే అన్నయ్య ఓడిపోయిన ఉక్రోషంలో, "ఏమోయ్, నీ ఓటెటు?" అని అడిగారు. జవాబు చెప్పబోతుంటే చేగోడీ కుడివైపుకి జారింది. చప్పుడు సివిల్ బాబాయిదాకా వినిపించింది.

వేరు నిలువునా చీలిందని డెంటిస్టు చెప్పాడు. పన్ను పీకేశారు. నెలల తరబడి కుడివైపు ఖాళీతో పెరుగన్నం తిని, చివరికి ఇంప్లాంటే పెట్టించుకున్నాను. గ్రాఫు అన్నయ్య మాత్రం, "చెప్పానా? ఫెయిలవుతుందని గ్రాఫులోనే ఉంది," అని ఊరంతా చెప్పుకున్నారు. ఆయన మీద నాకు కోపం తగ్గడానికి పన్ను కుదురుకోవడం కన్నా ఎక్కువ కాలం పట్టింది.

ఆ మర ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పోయిన నెల మా ఇంటికొచ్చిన ఒక కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, ఫోన్‌లో ఎక్స్‌రే చూపించి, "అంకుల్, డాక్టర్ క్రౌన్ అంటున్నారు. ఇంప్లాంట్ బెటరా? మీరేమంటారు?" అన్నాడు. డెంటిస్టు చెప్పింది చెయ్యి బాబూ అని ఊరుకోవాలి గదా. ఊరుకోలేదు. కళ్ళజోడు సవరించుకుని, ఫోన్‌ని లైటుకేసి ఎత్తిపట్టి (ఫోన్‌కి లైటెందుకో నాకే తెలియదు), "నన్నడిగితే..." అని మొదలుపెట్టి ముప్పావుగంట మాట్లాడాను. వాడు పాపం తలూపుతూ విన్నాడు. అంతలో మా ఆవిడ చేగోడీల పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. వాడు మొహమాటంగా నవ్వి చెయ్యి చాపాడు.

ఆ నవ్వు నాకు బాగా తెలుసు. పళ్ళెం లాక్కుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక చేగోడీ తీసి, కుడివైపు వేసుకుని, గట్టిగా కొరికాను.