ఖాసీం కాక మట్టిముద్ద

ఖాసీం కాకకు ఒక్కటే రోగం. పిడికిట్లో పిసికి, నడుమెత్తు నుంచి కింద పడేసి చూడనిదే దేన్నీ నమ్మడు. ముఖ్యంగా మట్టిని. చేన్లో గుప్పెడు రేగడి తవ్వి తీస్తాడు, ముద్ద చేస్తాడు, నడుము దగ్గర చెయ్యి పెట్టి వదిలేస్తాడు. ముద్ద పొడిపొడిగా చెదిరితే నేల పదునుకు వచ్చినట్టు, దున్నుకోవచ్చు. పేడముద్దలా కూర్చుండిపోతే లోపల ఇంకా తడి ఉన్నట్టు, ఎవరూ అడుగు పెట్టొద్దు. ఇంతవరకు తప్పు పట్టడానికేం లేదు. నల్లరేగడి దున్నే వాళ్ళందరికీ తెలిసిన సంగతే. కాకపోతే వాళ్ళు చేన్లో చేసే పని ఈయన లోకమంతా చేస్తాడు.

కూతురు షీరీన్ సంబంధానికి కోహెడ పోయినప్పుడు పిల్లగాడి ముఖం కూడా సరిగ్గా చూడలేదు. పెరట్లోకి పోయి, నిమ్మచెట్టు కింద గుప్పెడు మట్టి తీసి, అందరి ముందూ ముద్ద చేసి పడేశాడు. "మన్ను మంచిగుంది. పిల్లనిద్దాం" అన్నాడు. ఆ పెండ్లి బాగానే నిలబడింది గనుక ఇంట్లోవాళ్ళు ఈయన్ను ఏమీ అనలేకపోయారు.

ఇబ్రహీంపట్నం దవాఖానలో డాక్టరు కడుపు నొక్కి చూస్తుంటే, పడుకున్నవాడు తల ఎత్తి అడిగాడు.

"పదును ఎట్లుంది సాబ్?"

"పదునేంది పెద్దాయనా?"

"అదే, నొక్కుతున్నవ్ గదా. వచ్చిందా, రాలేదా?"

చాయ్ దుకాణంలో చాయ్ ఇస్తే "ఇంకా పదునుకు రాలె" అని వెనక్కి పంపుతాడు. బిర్యానీ మూత తీస్తే అదే మాట. భార్య బేగం బీ చీర కట్టుకుని గంటసేపు గడపలో నిలబడితే మాత్రం ఆ మాట ఆమె అంటుంది, ఈయన ఇంకా తయారు కాలేదని. ఆమె బాధ వేరే ఉంది. మొగుడి అంగీ ఏది ఉతికినా జేబులో ఒక ముద్ద ఉంటుంది. "నలభై ఏండ్ల సంది నేను బట్టలు ఉతుకుతలేను, చెరువు పూడిక తీస్తున్న" అంటుంది ఆమె.

ఇట్లాంటి మనిషి చేను ఒడ్డుకే ఆనుకుని ఉండడం నర్మద తలరాత.

నర్మదకు ఇరవై గుంటల నల్లరేగడి ఉంది. ఆరేండ్లుగా బీడు. భర్త రాంచంద్ర మీర్‌పేట్‌లో టైల్స్ దుకాణంలో పనిచేస్తాడు. గోదాం కట్టుకుంటామని ఎవరో ఆ భూమిని లీజుకు అడిగితే ఆయనకు నచ్చింది. నర్మదకు నచ్చలేదు. వారం రోజులు ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు. చివరికి రాంచంద్ర ఒక మెట్టు దిగాడు. "ఈ చలికాలం ఒక్క పంట తీసి చూపియ్యి. వస్తే నీ ఇష్టం. రాకుంటే గోదాం" అన్నాడు.

నర్మద గోబీపువ్వు వేస్తానంది. ఆ మాట అన్నరోజే ఖాసీం కాకను వెంటబెట్టుకుని నర్సరీకి పోయింది. ఇద్దరి విత్తనమూ ఒక్కరోజే ట్రేలలో పడింది. ఇద్దరి నారూ ఒక్క ఆటోలోనే వచ్చి, చేన్ల మధ్యనున్న మోటరు కొట్టంలో పక్కపక్కనే దిగింది. "బిడ్డా, యాది పెట్టుకో" అన్నాడు కాక, "ఇరవై అయిదో రోజుకు నాటాలె. నెల దాటిందనుకో, నారు ముదిరి, పువ్వు అంగీ బొత్తామంత అయితది."

విత్తిన ఇరవయ్యో రోజున ముసురు పట్టింది. నాలుగు రోజులు వదల్లేదు. అయిదో రోజు ఎండ కొట్టగానే నర్మద ట్రాక్టరు ఐలేష్‌ను పిలిచింది. వచ్చేసరికి ఒడ్డు మీద ఖాసీం కాక కూర్చుని ఉన్నాడు, చేతిలో ముద్దతో.

"కాకా, పైన తెల్లగ ఆరింది చూడు" అంది నర్మద.

"పైన నేను గూడ తెల్లగనే ఉన్న, లోపల ఎట్లున్ననో బేగంను అడుగు." ముద్ద వదిలాడు. అది తప్పుమని పడి, పడిన చోటే కూర్చుంది. "పదునుకు రాలె."

ఐలేష్ ట్రాక్టరు తిప్పుకుని పోయాడు. మర్నాడు వచ్చాడు. ముద్ద కూర్చుంది. పోయాడు. మూడోనాడు నర్మద తెలివి చేసింది. ఇంటి దగ్గర నుంచి ఎండిన మట్టి తెచ్చి, కొంచెం నీళ్ళు చిలకరించి ముద్ద చేసి, "నేనే తీసిన కాకా, నా చేన్లదే" అని చేతిలో పెట్టింది. ఆయన పడెయ్యలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఇది మీ అత్త పొయ్యి కాడి మన్ను. బూడిద వాసన వస్తుంది."

ఐలేష్ నవ్వు ఆపుకోలేక ట్రాక్టరు దిగి అవతలికి పోయాడు. నర్మదకు మాత్రం ఒళ్ళు మండింది.

విచిత్రమేమిటంటే, ఒడ్డుకు అవతల కాక చేను అప్పటికే పదునులో ఉంది. అదీ రేగడే. కానీ ఎనిమిదేండ్లుగా ఆయన దానికి చేసిన సేవ ఇంట్లో అల్లుడికి కూడా చేయలేదు. ఏటా ఎండాకాలం గొర్రెల మందను ఆపించాడు, మేకపెంట తోలాడు, పల్లికాయ పొట్టు కలిపాడు, జనుము పెంచి పూత మీద దున్నేశాడు. ఆ పైన ఎత్తుగా మళ్ళు కట్టి, మధ్యలో నీళ్ళు పోయేందుకు కాలువలు తీశాడు. వాన వెలిసిన మూడోనాటికి ఆ మట్టిలో చెయ్యి పెడితే మణికట్టు దాకా మెత్తగా దిగుతుంది. పదునున్న చేను పెట్టుకుని ఆయనెందుకు నాటడం లేదో నర్మదకు అర్థం కాలేదు. నా చేనుకు కాపలా కాయడానికే పొద్దు చాలడం లేదు కాబోలు అనుకుంది.

శుక్రవారం వచ్చింది. ఖాసీం కాక తెల్లబట్టలు కట్టుకుని, టోపీ పెట్టుకుని నమాజుకు పోయాడు. ఆయన సందు తిరిగాడో లేదో నర్మద ఫోన్ చేసింది. "ఐలేష్, జల్ది రా!"

నాలుగు సాళ్ళు తిరిగింది ట్రాక్టరు. మట్టి పొడి కాలేదు, మైనం చెక్కినట్టు పలకలు పలకలుగా లేచింది. అయిదో సాలులో వెనక చక్రం సగం దాకా దిగబడి, అక్కడే గిరగిరా తిరుగుతూ ఐలేష్ ముఖం నిండా రేగడి కొట్టింది. నమాజు నుంచి వచ్చిన కాక దూరం నుంచే చూశాడు. తిడతాడని నర్మద తల వంచుకుని నిలబడింది. ఆయన పైజామా మోకాళ్ళ పైకి మడిచి, బురదలోకి దిగి, భుజం పెట్టి ట్రాక్టరును నెట్టాడు. బయటికి వచ్చేసరికి టోపీ ఒక్కటే తెల్లగా మిగిలింది.

"ట్రాక్టర్ ఇంకా పదునుకు రాలె" అన్నాడు, అంతే.

రెండు రోజుల ఎండకు ఆ నాలుగు సాళ్ళు బండలైపోయాయి. నర్మద అత్త పోశమ్మ ఉత్తపుణ్యానికి దేన్నీ వదిలే మనిషి కాదు. మూడు పెడ్డలు ఏరుకొచ్చి, పొయ్యి పెట్టి, వాటి మీద అన్నం వండింది. "మంచిగున్నయ్ బిడ్డా, ఇటుకలకన్న గట్టి. గోదాం కట్టేటోళ్ళకు పనికొస్తయి" అంది.

ఆ మాటతో నర్మదకు ఏడుపు ఆగలేదు. నేరుగా ఒడ్డు మీదికి పోయింది.

"ఇరవై తొమ్మిది రోజులాయె కాకా. రేపటితోని నెల. నువ్వు జెప్పిందే గదా, బొత్తామంత పువ్వు అయితదని? దున్నితే బండలాయె, దున్నకుంటే నారు ముదిరె. నీ ముద్ద పగిలేనాటికి నా చేన్ల గోదాం లేస్తది. అప్పుడు దాని గోడకేసి కొట్టి చూసుకో, పగుల్తదో లేదో!"

ఖాసీం కాక ఈసారి ముద్ద పడేసి చూడలేదు. దాన్ని జేబులో వేసుకుని ఇంటికి పోయాడు.

పొద్దున్నే నర్మద మోటరు కొట్టానికి పోతే ఆమె ట్రేలు ఒక్కటీ లేవు.  బయటికి పరుగెత్తి చూస్తే ఒడ్డుకు అవతల కాక చేన్లో ఆరుగురు వంగి ఉన్నారు. ఖాసీం కాక, బేగం బీ, ముగ్గురు కూలీలు. ఆరో మనిషి పోశమ్మ, సొంత అత్త. ఎత్తు మళ్ళ మీద మూరకొకటి చొప్పున మొక్కలు నిలబడి ఉన్నాయి. ఖాళీ అయిన ట్రేలు నర్మదవి. కాక ట్రేలు నిండుగా కొట్టంలోనే ఉన్నాయి.

"ఏం జేస్తున్నవ్ కాకా?"

"కనబడతలేదా? నీ నారు నాటుతున్న. పంట నీది, నీళ్ళు నువ్వే పెట్టుకోవాలె. నీ చేను పదునైనంక నాది దాంట్ల పెట్టుకుంట. బదలాయింపు."

"మరి నీ నారు?"

కాక మొక్క మొదట్లో మట్టి అదుముతూ తల ఎత్తలేదు. "దానికేం ఫికర్ లేదు. అది ఇంకా పదునుకు రాలె."

 ఒక్కరోజు విత్తిన నారు, ఒక్క ఆటోలో వచ్చిన నారు. ఒకటి ముదిరితే రెండోది ముదరకుండా ఉంటుందా? నర్మద బేగం బీ వైపు చూసింది.

"నా దిక్కు చూడకు" అంది బేగం బీ. "నాలుగు రోజుల సంది పదునున్న చేను పెట్టుకుని నాటలె ఈ మనిషి. ఎందుకంటే, ఆ పిల్ల చేను ఆరకుంటే ఎట్లా, జర ఆగుదాం అన్నడు. ఇప్పుడు నారు పదునుకు రాలేదంట! నలభై ఏండ్ల సంది నిజం జెప్పిన నోరు, నీ కోసం మొదటిసారి అబద్ధమాడింది."

"నువ్వు నాటు, మాట్లాడకు" అన్నాడు కాక. చెవులు ఎర్రగా అయ్యాయి.

నర్మద చీర కొంగు నడుముకు చెక్కి ఏడో మనిషిగా వంగింది.

నాటిన తొమ్మిదో రోజున ఆమె చేన్లో ముద్ద పగిలింది. ఐలేష్‌ను కాకే పిలిచాడు. తనకు మిగిలిన పెంటా పొట్టూ దాంట్లోనే తోలి, మళ్ళు ఎత్తించి, ముదిరిన నారు పెట్టాడు. పంట చేతికొచ్చేసరికి నర్మద పువ్వులు పోశమ్మ అన్నం గిన్నె మూతంత ఉన్నాయి. కాకవి చాయ్ గ్లాసులో పట్టేంత. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని "ఇంకా పదునుకు..." అనబోతే, "ఇంకెప్పుడొస్తది, దీని మనుమడి కాలానికా?" అని బేగం బీ దాన్ని గుంజుకుని కూరలో వేసింది.

ఆ ఆదివారం రాంచంద్ర బండి మీద వచ్చాడు. పువ్వుల బస్తాలు చూసి మీసం దువ్వుకున్నాడు. మాట మార్చడానికి మొహమాటపడుతూ ఫోన్ చూపించాడు. "గోదామోళ్ళు మళ్ళ అడుగుతున్నరు. ఏం జెప్పాలె?"

నర్మద వంగి తన చేన్లోంచి గుప్పెడు మట్టి తీసింది. పిసికింది. నడుమెత్తు నుంచి వదిలింది. ముద్ద పడీపడగానే రవ్వలా చెదిరిపోయింది.

"పదునుకు రాలేదని చెప్పు" అంది.

"గదేంది, పగిలింది గదా?"

"నీకేం తెలుసు?"

రాంచంద్ర సాక్ష్యం కోసం ఒడ్డు వైపు చూశాడు. ఖాసీం కాక వంగి ఆ మట్టిరవ్వను వేళ్ళతో కెలికి, చాలాసేపు పరిశీలించాడు.

"అవ్ బిడ్డా, జర టైం పడతది" అన్నాడు.